రక్తపుపోటు – మూత్రపిండమునందలి తూము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



రజతోత్సవ సభలో రక్తపుపోటును గూర్చి ప్రసంగింపుమని కార్యదర్శిగారు కోరినప్పుడు, ఉత్సవమునాడు రోగముల ప్రసక్తి యేల యని కొంత సంకోచించిన మాట నిజము. కాని తెలుగునాట గ్రంథాలయోద్యమమును, శాస్త్రవిజ్ఞానమును మొదటినుండియు కలిసియే నడచినవి. కొమర్రాజు లక్ష్మణరావుగారు మొదలగువారు 1906లో హైదరాబాదున నెలకొల్పిన విజ్ఞాన చంద్రికా మండలి చరిత్ర గ్రంథములతోబాటు ప్రకృతిశాస్త్ర గ్రంథములనుగూడ తెలుగున ప్రకటించినది. కావున గ్రంథాలయమునందు శరీరశాస్త్రము మాటాడుట మనకు కొత్త కాదు. అదిగాక నేను చెప్పబోవునది కొంత చదువుటకు సంబంధించినదే. మనము దినమును చేతితో చించి పారవేయు మందుల అట్టమీద సన్నని అక్షరములు కొన్ని యుండును. వాటిని చదువుటను గూర్చి చివర ముచ్చటింతును.

మన శేరిలింగంపల్లి ఈ పాతికేండ్లలో ఎట్లు మారినదో మీకు నేను చెప్పనక్కరలేదు. 1998లో మాదాపురమున సైబర్ టవర్సు తెరచిన నాటికి ఇక్కడ జొన్నచేలు కనబడుచుండెను. 2007లో మన పురపాలక సంఘము మహానగరములో కలిసిపోయినది. చేనిలో పనిచేసిన తండ్రికిని, రాత్రివేళ కంప్యూటరు ముందు కూర్చుండు కుమారునికిని నేడొక్క విషయమున పోలిక యేర్పడినది. ఇద్దరి నోటను "బి.పి." అను మాట వినబడుచున్నది. భారత వైద్య పరిశోధనా మండలివారు దేశమంతట జరిపిన సర్వే ఫలితములు 2023లో వెలువడినవి. పెద్దవారిలో నూటికి 35 మందికి పైగా రక్తపుపోటు కలదని అందు తేలినది. పట్టణములలో ఎక్కువ, పల్లెలలో కొంచెము తక్కువ. మనము పల్లెయో పట్టణమో మనకే తెలియని స్థితిలో నున్నాము గనుక ఏ లెక్కలో చేరుదుమో మీరే యూహింపుడు.

రక్తపుపోటు అనగా రక్తము ధమనుల గోడలపై చూపు ఒత్తిడి. దానిని పాదరసపు మిల్లీమీటర్లలో కొలిచి రెండంకెలుగా చెప్పుదురు. గుండె ముడుచుకొనినప్పటి ఒత్తిడి పై అంకె, సడలినప్పటిది క్రింది అంకె. వైద్యశాలలో, ప్రశాంతముగా కూర్చుండిన మనిషికి, పలుమార్లు కొలిచినను 140/90 గాని అంతకు మించి గాని యున్నచో దానిని అధిక రక్తపుపోటు అందురు. నొప్పి లేదు, జ్వరము లేదు. అందుచేతనే అది ప్రమాదకరము. ఏండ్లతరబడి ఆ ఒత్తిడిచే మెదడులోని, గుండెలోని, కంటిలోని, మూత్రపిండములలోని సన్నని నాళములు దెబ్బతినుచుండును. పక్షవాతము వచ్చిన తరువాత "నిన్నటిదాక బాగానే యుండెను" అని ఇంటివారు వాపోవుదురు.

ఈ ఒత్తిడిని శరీరమునందు నియమించునది ఎవరు? గుండె యని చాలమంది అనుకొందురు. గుండె నీటిని తోడు యంత్రము మాత్రమే. ఎంత నీరుండవలెనో, కాలువలు ఎంత వెడల్పుగా నుండవలెనో చూచుకొను నీరటికాడు వేరొకడు కలడు. వాడు మూత్రపిండమునందు కూర్చుండియున్నాడు. ఈ సంగతి బయటపడిన చరిత్ర కొంచెము విచిత్రమైనది గనుక విస్తరించి చెప్పుదును.

1898లో స్వీడను దేశమున, స్టాక్‌హోమ్ నగరమందలి కరోలిన్‌స్కా సంస్థలో రాబర్ట్ టైగర్‌స్టెట్ అను ఆచార్యుడు, పెర్ బెర్గ్‌మన్ అను తన శిష్యునితో కలిసి, కుందేటి మూత్రపిండమును నూరి, ఆ రసమును మరొక కుందేటి రక్తములోనికి ఎక్కించెను. కుందేటి రక్తపుపోటు పెరిగెను. మూత్రపిండమునందు రక్తపుపోటును పెంచు పదార్థ మేదియో యున్నదని గ్రహించి వారు దానికి "రెనిన్" అని పేరు పెట్టిరి. ఇంతటి విషయమును లోకము ముప్పదియైదేండ్లు ఇంచుమించుగా మరచిపోయినది! 1934లో అమెరికాలోని క్లీవ్‌లండ్ నగరమున హారీ గోల్డ్‌బ్లాట్ అను వైద్యుడు కుక్కల మూత్రపిండములకు పోవు ధమనిని చిన్న బిగింపుతో కొంచెము నొక్కి చూచెను. మూత్రపిండమునకు రక్తము తగ్గగా శరీరమంతట ఒత్తిడి పెరిగెను. అప్పుడు పాత రెనిన్ మాట మరల జ్ఞప్తికి వచ్చినది. 1940 ప్రాంతమున అర్జెంటీనాలో ఒక బృందమును, అమెరికాలో మరొక బృందమును వేరువేరుగా పనిచేసి, పోటును పెంచునది సాక్షాత్తు రెనిన్ కాదనియు, రెనిన్ వలన పుట్టు వేరొక పదార్థమనియు కనుగొనిరి. ఒకరు దానిని హైపర్‌టెన్సిన్ అనిరి, మరొకరు ఆంజియోటోనిన్ అనిరి. పేరుపై తగవు దాదాపు ఇరువదేండ్లు సాగి, చివరకు చెరిసగము కలిపి "ఆంజియోటెన్సిన్" అని రాజీపడిరి. పండితుల తగవులు మనదేశముననే కాదు!

ఇప్పుడు తెలిసిన క్రమము ఇది. కాలేయము ఆంజియోటెన్సినోజెన్ అను పెద్ద మాంసకృత్తును తయారుచేసి రక్తములోనికి విడుచుచుండును. దానిని పొడవైన పూసలదండ యనుకొనుడు. అది స్వతహాగా ఏమియు చేయదు. శరీరములో రక్తపు ఒత్తిడి తగ్గినను, ఉప్పు తగ్గినను, నరములు తొందరచేసినను మూత్రపిండములోని కొన్ని కణములు రెనిన్‌ను విడుచును. రెనిన్ ఒక ఎంజైము, అనగా కత్తెరవంటిది. అది ఆ దండ కొసనుండి 10 పూసల తుంపును కత్తిరించును. ఇది మొదటి ఆంజియోటెన్సిన్. ఇదియు ఇంచుమించు నిర్వ్యాపారమైనదే. ఊపిరితిత్తుల నాళములందు ముఖ్యముగా నుండు మరొక కత్తెర దానినుండి ఇంకను రెండు పూసలను తీసివేయును. మిగిలిన 8 పూసల తుంపే రెండవ ఆంజియోటెన్సిన్. ఆటయంతయు దీనిదే. ఇది ధమనులను ఇరుకుచేయును. మూత్రపిండములపై టోపీవలె నుండు అడ్రినల్ గ్రంథులచేత ఆల్డోస్టిరోన్ అను స్రావమును విడిపించి, మూత్రములో పోవలసిన ఉప్పును నిలుపుచేయించును. ఉప్పు నిలిచినచోట నీరును నిలుచును. దప్పికను పుట్టించును. కాలువలు ఇరుకై, నీరు ఎక్కువైనప్పుడు ఒత్తిడి పెరుగక యేమగును?

ఈ యేర్పాటు మనకు శత్రువని తలపరాదు. గాయమై రక్తము పోయినవానిని, వాంతులు విరేచనములతో నీరసించినవానిని బ్రతికించునది ఇదియే. ఉప్పు దొరకని కాలమున మానవజాతిని కాపాడినదియు ఇదియే. చిక్కేమనగా, నేడు ఉప్పు కొరవలేదు, గాయములు దినదినము తగులుటలేదు. అయినను కొందరిలో నీరటికాడు కరవుకాలమునాటి వలెనే తూము ఎత్తి కూర్చుండును.

తూము అనగా మీకు తెలియును. మన నల్లగండ్ల చెరువును, గోపి చెరువును చూచినవారు ఈ సభలో చాలమంది కలరు. చెరువు నీరు తూము దాటి కాలువలో పడి, కాలువనుండి పిల్లకాలువలకు, అందుండి మడులకు చేరును. మడిలో నీరు ఎక్కువైనది. ఎక్కడ ఆపవలెను? మడి గండి పూడ్చవచ్చును, కాలువకు అడ్డకట్ట వేయవచ్చును, లేదా తూమునే మూయవచ్చును. రక్తపుపోటు మందులను చేయువారును ఈ మూడు చోట్లను ప్రయత్నించిరి. వరుస మాత్రము తలక్రిందులు. తూము చేతికి చిక్కుట చాల కష్టమైనందున మొదట కాలువనే పట్టుకొనిరి.

అంతకు ముందొక మాట. ఈ మార్గమంతయు తెలియకముందే మన దేశపు మూలిక యొకటి రక్తపుపోటునకు లోకమంతట వాడబడినది. అదియే సర్పగంధ. బొంబాయిలోని డాక్టర్ రుస్తుం జాల్ వకీల్ దాని ఫలితములను 1949లో బ్రిటిష్ హృదయవైద్య పత్రికలో ప్రకటించెను. 1952లో స్విట్జర్లండు దేశపు బాజెల్ నగరమందలి సీబా సంస్థవారు దానినుండి రిసర్పిన్ అను సారమును వేరుచేసిరి. పోటు తగ్గెను గాని, కొందరికి మనస్సు కుంగిపోయెను. మెల్లగా అది వెనుకబడినది. ఈ బాజెల్ నగరపు పేరు జ్ఞాపకముంచుకొనుడు, మరల వచ్చును.

కాలువకు అడ్డకట్ట వేయు మందు పాము విషమునుండి వచ్చినది. బ్రెజిలు దేశమున జరారాకా అను పాము కరచినవానికి రక్తపుపోటు పడిపోవును. ఆ విషములోని కొన్ని పదార్థములు రెండవ కత్తెరను పనిచేయనీయవని సెర్జియో ఫెరేరా మొదలగువారి పరిశోధనలవలన తెలిసినది. అది ఆధారముగా అమెరికాలో స్క్విబ్ సంస్థయందు కుష్మన్, ఆండెట్టి అను ఇరువురు శాస్త్రజ్ఞులు కాప్టోప్రిల్ అను మందును నిర్మించిరి. అది 1981లో అమెరికాలో ఆమోదింపబడినది. దానివెంట ఎనలాప్రిల్, రామిప్రిల్ మొదలగు "ప్రిల్"లన్నియు వచ్చినవి. మంచి మందులు, చౌక మందులు. ఒక్క చిక్కు కలదు. ఆ కత్తెర బ్రాడికినిన్ అను మరొక పదార్థమునుగూడ కత్తిరించుచుండును. కత్తెరను ఆపినచో అది పేరుకొని కొందరికి పొడిదగ్గు పట్టుకొనును. క్షయ యేమోయని భయపడి ఊపిరితిత్తుల ఫొటోలు తీయించుకొనినవారిని నేనెరుగుదును. తరువాత మడి గండిని పూడ్చు మందులు వచ్చినవి. రెండవ ఆంజియోటెన్సిన్ వచ్చి కూర్చుండు పీఠమును ఇవి ముందే ఆక్రమించును. 1995లో లోసార్టన్ మొదలుగా వాల్సార్టన్, టెల్మిసార్టన్ మున్నగు "సార్టన్"లు ఈ జాతివి. వీటితో దగ్గు రాదు.

ఇక తూము మాట. రెనిన్‌నే ఆపవలెనని కోరుటకు మంచి కారణమే యున్నది. రెనిన్ అను కత్తెర ఆంజియోటెన్సినోజెన్‌ను తప్ప మరి దేనిని కత్తిరింపదు. గొలుసులో మొదటి అడుగు దానిదే, వేగమును నిర్ణయించు అడుగును దానిదే. అంతేకాక, క్రింద అడ్డకట్ట వేసినప్పుడు పైన నీరు ఉబ్బినట్లు, ప్రిల్‌గాని సార్టన్‌గాని ఇచ్చినప్పుడు శరీరము "ఆంజియోటెన్సిన్ చాలలేదు" అని తలచి రెనిన్‌ను మునుపటికంటె అధికముగా విడుచును. ఆ ఉబ్బిన నీరు కొంత ప్రక్కదారులు వెదకుకొనును. తూమునే మూసినచో ఈ పేచీ యుండదుగదా యని శాస్త్రజ్ఞుల ఆలోచన.

ఆలోచన సులభము, పని కష్టమైనది. 1980 దశాబ్దిలో తయారైన రెనిన్ నిరోధకములు చాలవరకు మాంసకృత్తుల ముక్కలను పోలినవి. నోటితో మ్రింగినచో కడుపులోనే వృథాయగును, సూదిమందుగా ఇచ్చిన పనిచేయును. బ్రతుకంతయు వాడవలసిన మందును నిత్యము సూదితో ఎవరు పొడిపించుకొందురు? బాజెల్‌లోని సీబా–గైగీ సంస్థవారు రెనిన్ యొక్క ఆకృతిని పరిశీలించి, ఆ కత్తెర రెండు అలుగుల నడుమనున్న సందులో సరిగా ఇరుకునట్టి అణువును కల్పించుటకు పూనుకొనిరి. అదియే అలిస్కిరెన్. 1996లో ఆ సంస్థ సాండోజుతో కలిసి నొవార్టిస్ అయినది. నడుమ ఈ మందును చేపట్టి మనుష్యులపై తొలి పరీక్షలు ముందుకు నడపినది స్పీడెల్ అను చిన్న సంస్థ. తరువాత నొవార్టిస్ మరల తీసికొని 2007లో అమెరికా, ఐరోపాల ఆమోదము పొందినది. సర్పగంధ సారము తీసిన సీబాకు వారసుడైన సంస్థయే ఇదియు. ఆ నొవార్టిస్ వారి పెద్ద కార్యాలయము నేడు మన మండలములోని రాయదుర్గమునందే యున్నది. అక్కడికి నిత్యము బస్సెక్కి పోవు మన పిల్లలు కొందరికైనను ఈ కథ తెలియునో లేదో!

అలిస్కిరెన్ మ్రింగినదానిలో నూటికి రెండు మూడు పాళ్లు మాత్రమే రక్తములో చేరును. అయినను ఆ కొంచెమే రెనిన్ సందులో గట్టిగా ఇరుకుకొని దానిని పనిచేయనీయదు. శరీరము రెనిన్‌ను ఎక్కువగా విడుచును గాని, విడిచిన కత్తెరలన్నియు మొద్దుబారి యుండును. రక్తములో రెనిన్ పరిమాణము పెరుగును, రెనిన్ క్రియ తగ్గును. మందు ప్రభావము దినము పొడుగున నిలుచును గాన ఒక్కపూట చాలును. 150 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, అవసరమైనచో 300కు పెంచుదురు. నూనె, నెయ్యి ఎక్కువగానున్న భోజనముతో తీసికొన్న అసలే తక్కువగా చేరునది మరింత తగ్గును. నారింజ మొదలగు పండ్లరసములతోను అంతే. 300 మిల్లీగ్రాముల మందు పై అంకెను సగటున 8 మిల్లీమీటర్ల ప్రాంతమున తగ్గించునని పరీక్షలు చూపినవి. ఇతర మందులకు ఇది తీసిపోదు. మించిపోదు కూడ.

ఇచ్చట కథ మలుపు తిరిగినది. ఒక్కచోట అడ్డుకట్ట మంచిదైనప్పుడు రెండుచోట్ల వేసిన ఇంకను మంచిది కాదా యని వైద్యలోకము ఆశించినది. మధుమేహముతోబాటు మూత్రపిండ వ్యాధిగాని హృదయ వ్యాధిగాని గలిగి, అప్పటికే ప్రిల్‌నో సార్టన్‌నో వాడుచున్న 8,561 మంది రోగులను ఎన్నుకొని, సగము మందికి అలిస్కిరెన్‌ను అదనముగా ఇచ్చి, తక్కినవారికి ఉత్త బిళ్లను ఇచ్చి చూచిరి. ఈ పరీక్షను ఆల్టిట్యూడ్ అందురు. 2011 డిసెంబరులో, అనుకొనిన గడువు ముగియకమునుపే, పర్యవేక్షక సంఘమువారి సలహాపై దానిని ఆపివేసిరి. లాభము కనబడలేదు. రక్తములో పొటాసియము హెచ్చినవారు, రక్తపుపోటు మితిమీరి పడిపోయినవారు అలిస్కిరెన్ పక్షముననే ఎక్కువగా తేలిరి. 2012లో అమెరికా ప్రభుత్వ ఔషధశాఖ, మధుమేహ రోగులకు ప్రిల్, సార్టన్‌లతో కలిపి అలిస్కిరెన్ ఈయరాదని శాసించినది. దీనికి ముందే 2008లో, 25,620 మందిపై జరిగిన ఆన్‌టార్గెట్ అను పరీక్షలో రామిప్రిల్, టెల్మిసార్టన్ రెంటిని కలిపి యిచ్చినవారికి విడిగా నొక్కటి వాడినవారికంటె మేలేమియు కలుగక, కీడే ఎక్కువైనది.

ఎందుచేత? మడికి నీరు ఎక్కువైనను కీడే, బొత్తిగా లేకున్నను కీడే. మూత్రపిండములోని వడపోత జరుగుటకు కొంత ఒత్తిడి కావలెను. ఆ జల్లెడ దాటిన తరువాతి సన్ననాళమును బిగించి ఒత్తిడి నిలుపునది రెండవ ఆంజియోటెన్సినే. దానిని రెండుచోట్ల అణచినచో జబ్బుపడిన మూత్రపిండము వడపోతయే మానుకొనును. ఆల్డోస్టిరోన్ కొరవడినందున పొటాసియము బయటికి పోక రక్తములో పేరుకొనును. అది మితిమీరిన గుండె తాళము తప్పును. కాగితముమీద ఎంతో పొందికగా కనబడిన ఆలోచన మనుష్యుల శరీరములలో నెగ్గలేదు. నన్నడిగినచో, ఈ మందు చరిత్రలో ఎంతో నేర్పుతో కల్పించిన అణువుకంటెను, నిజము చెప్పి తమ పరీక్షను తామే ఆపుకొనిన ఆ ఘట్టమే ఎక్కువ గౌరవింపదగినది.

ఇదంతయు దూరదేశపు సంగతి యని మీరనుకొనవచ్చును. కాదు. క్రిందటి ఏడు ఒక పెద్దాయన నాయొద్దకు వచ్చి సంచిలోనుండి రెండట్టలు తీసి బల్లమీద పెట్టెను. "అయ్యా, ఇది మోకాళ్లకు పోయిన దవాఖానల రాసిచ్చిండ్రు, ఇది షుగరు డాక్టరు ఇచ్చిండు. రెండు గోలీలు పొద్దున్నే మింగుతున్న. కాళ్లల్ల బలం లేదు" అనెను. ఒకదానిపై రామిప్రిల్, ఇంకొకదానిపై టెల్మిసార్టన్. పైగా మోకాళ్ల నొప్పికి మూడవ అట్ట, డైక్లోఫినాక్. రక్తము పరీక్షింపగా పొటాసియము హెచ్చియుండెను. ఇద్దరు వైద్యులును విడివిడిగా చూచిన సరియైన మందే వ్రాసిరి. ఒకరు వ్రాసినది మరొకరికి తెలియదు. మన కొండాపురము, గచ్చిబౌలి, చందానగరములలో వీధికొక క్లినిక్కు వెలసిన తరువాత ఈ చిక్కు ఎక్కువైనది. వైద్యుడు దొరకని పల్లెకు ఒక బాధ, వైద్యులు పలువురు దొరకిన పట్టణమునకు మరొక బాధ.

కావున ఈ మూడు జాతులను గుర్తించు ఉపాయము చెప్పుదును. వ్యాపారపు పేరు పెద్దయక్షరములతో మెరయుచుండును. దానిని విడిచిపెట్టుడు. దాని క్రింద సన్నని అక్షరములతో ఔషధము అసలు పేరుండును. ఆంగ్లాక్షరములలో నుండును గనుక, చదువరాని పెద్దలు ఇంటిలోని పిల్లలచేత చదివించుకొనవలెను. ఆ పేరు "ప్రిల్" అని ముగిసినచో కాలువ కట్ట, "సార్టన్" అని ముగిసినచో మడి గండి, "కిరెన్" అని ముగిసినచో తూము. వీటిలో రెండు జాతులు ఒక్క సంచిలో కనబడినచో దేనిని మీయంతట మానవలదు. రెండట్టలను తీసికొని వైద్యునికి చూపవలెను. ఆమ్లోడిపిన్ వంటి మందుగాని, మూత్రము జారీచేయు క్లోర్థాలిడోన్ వంటి మందుగాని వీటిలో నొకదానితో కలిసియున్న భయపడనక్కరలేదు. అది సరియైన జోడింపే. ఇంకొక హెచ్చరిక. "తక్కువ సోడియం" అని అంగళ్లలో అమ్ము ఉప్పులో పొటాసియము కలిపియుండును. ఈ మందులు వాడుచు మూత్రపిండములు బలహీనముగా నున్నవారు వైద్యునడుగక దానిని తినరాదు.

ఉప్పు ప్రసక్తి వచ్చినది గనుక రెనిన్‌కును ఉప్పుకును గల సంబంధము చెప్పవలెను. ఉప్పు ఎక్కువగా తిన్నవాని మూత్రపిండము రెనిన్‌ను తగ్గించుకొనును. నీరు నిండియున్నప్పుడు తూమెత్తనక్కర యేమి? అట్టివానికి రెనిన్ మార్గపు మందులు ఒంటరిగా అంతగా పనిచేయవు. వృద్ధులలోను రెనిన్ సాధారణముగా తక్కువ. వారికి మూత్రము జారీచేయు మందు, ఆమ్లోడిపిన్ ముందు పనికివచ్చును. కాబట్టి ప్రొద్దున టెల్మిసార్టన్ మ్రింగి, మధ్యాహ్నము మామిడి తొక్కుతో మూడు ముద్దలు, సాయంకాలము కారపుబూందీ తినువాడు తన మందుకు తానే అడ్డుపడుచున్నాడు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో ప్రకటించిన మార్గదర్శకములలో దినమునకు 5 గ్రాముల ఉప్పు మించరాదనిరి. అది ఒక చిన్న చెమ్చాడు. తొక్కును మానుమని నేను చెప్పజాలను, చెప్పినను మీరు వినరు. జాడీని భోజనపు పీటనుండి ఎత్తి అలమరలో పెట్టుడు, చాలును.

ఆడపడుచులకు ప్రత్యేకముగా నొక మాట. ఈ మూడు జాతుల మందులును గర్భిణికి పనికిరావు. కడుపులోని శిశువు మూత్రపిండములను దెబ్బతీయును. మునుపు రక్తపుపోటు నలువదేండ్ల తరువాతి సంగతి. ఇప్పుడు రాత్రికొలువులు చేయు ముప్పదేండ్ల అమ్మాయిలకును వచ్చుచున్నది. టెల్మిసార్టన్ వాడుచున్న అమ్మాయి బిడ్డను కోరుకొనుచున్నచో ముందుగానే, నెల తప్పిన తరువాత తెలిసినచో ఆ దినముననే, వైద్యునికి చెప్పి మందు మార్పించుకొనవలెను. తల్లులారా, మీ కోడండ్రను సిగ్గుపడక అడుగుడు. అట్టివారికి లాబెటలాల్, నిఫెడిపిన్, మిథైల్‌డోపా మొదలగునవి యిత్తురు.

మిథైల్‌డోపా అనగానే మన హైదరాబాదు జ్ఞప్తికి రావలెను. సోవియట్ సహాయముతో బాలానగరు వద్ద స్థాపింపబడిన ఐ.డి.పి.ఎల్. కర్మాగారము మన రసాయనజ్ఞులకు పాఠశాలయైనది. నేడది పనిచేయుటలేదు. గుంటూరు జిల్లా తాడేపల్లివాసి, రైతుబిడ్డ, కల్లం అంజిరెడ్డిగారు 1969 మొదలు 1975 వరకు అందు పనిచేసి, 1984లో తన పేర సంస్థ స్థాపించిరి. ఆ సంస్థ 1986లో విదేశములకు ఎగుమతి చేసిన తొలి మందులలో నొకటి ఈ మిథైల్‌డోపాయే. దాని తయారీ క్లిష్టమైనది. పరదేశములవారు పరీక్షించి కొనిరి. అంజిరెడ్డిగారు 2013లో పరమపదించిరి. కొత్త మందు కనిపెట్టుట యొక గొప్ప, తెలిసిన మందును పేదవానికి అందు వెలకు చేయుట మరొక గొప్ప. మనవారి ప్రజ్ఞ ఇప్పటివరకు రెండవదానియందే ఎక్కువగా వెలిగినది. అది తక్కువ సేవ యని నేననుకొనను.

ఏలనగా, తుదకు మన ప్రాంతమున పక్షవాతములను తగ్గించునది ఏ మందు? 2017లో ప్రారంభమైన భారత రక్తపుపోటు నియంత్రణ కార్యక్రమమునకు మొదట ఎన్నికైన ఐదు రాష్ట్రములలో తెలంగాణము ఒకటి. ఆ కార్యక్రమమున వాడునవి ఆమ్లోడిపిన్, టెల్మిసార్టన్, క్లోర్థాలిడోన్ వంటి చౌక మందులే. అలిస్కిరెన్ అందు లేదు. వాటిని ఒక నిర్ణీత వరుసలో నిచ్చి, నెలకొకసారి కొలిచి, రానివానిని పిలిపించి తెప్పించుటయే దాని రహస్యము. 2018 నుండి నగరమున వెలసిన బస్తీ దవాఖానాలలో రక్తపుపోటు కొలిచి మందులు ఉచితముగా నిచ్చుచున్నారు. ప్రిల్‌గాని సార్టన్‌గాని పడనివారికి, మరి యే కారణముననో వైద్యుడు తగునని తలచినవారికి, ఒంటరిగా వాడుటకు అలిస్కిరెన్ కలదు. దాని చోటు అంతవరకే.

తూమునకు పైనున్న చెరువునే తగ్గింపవచ్చునా యని ఇప్పుడు మరికొందరు యత్నించుచున్నారు. కాలేయము ఆంజియోటెన్సినోజెన్‌ను తయారుచేయకుండ ఆపు జిలెబెసిరాన్ అను సూదిమందు ఒక్కసారి యిచ్చిన ఆరునెలల వరకు పోటును తగ్గించినదని 2024లో ప్రకటించిన పరీక్ష చూపినది. ఆరునెలలు మూసిన తూమును గాయమైననాడు వెంటనే ఎట్లు తెరతురు? పక్షవాతములు నిజముగా తగ్గునా? ఆల్టిట్యూడ్ చూచినవారు ఈ ప్రశ్నలడుగక మానరు.

చివరగా, తరచు నన్నడుగు ప్రశ్న యొకటి. "పోటు తగ్గినది, ఇక గోలీ మానవచ్చునా?" తగ్గినది గోలీవలననే. మానిన కొలది దినములలో నీరటికాడు తూము ఎత్తును. బరువు తగ్గి, ఉప్పు తగ్గించి, నడక అలవాటైనచో వైద్యుడే మోతాదు తగ్గించును. కొందరికి మాన్పించును గూడ. కొలిచి తగ్గించుట వేరు, అలసి మానుట వేరు.

ప్రిల్, సార్టన్, కిరెన్ అను మూడు తోకలను తెలుగునను, ఆంగ్లమునను పెద్ద అక్షరములతో ఒక అట్టమీద వ్రాసి పత్రికల బల్లకడ వ్రేలాడదీయుటకు గ్రంథపాలకునికి ఇచ్చియున్నాను. రక్తపుపోటు కొలుచు యంత్రమునుగూడ వెంట తెచ్చితిని. మందుల అట్టలు తెచ్చినవారు సభ ముగిసిన పిమ్మట ఐదు నిమిషములు ఊరక కూర్చుండి, మాటలాడక, వరుసగా నాయొద్దకు రావలెను.